వాక్యాన్ని వెనక నుంచి చదవండి
(నల్లగొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బోర్డు మీద ఒక వాక్యం రాశాను, చూడండి. "నిన్న మార్కెట్లో రైతు దగ్గర బత్తాయిలు కొన్నాను." నల్లగొండ వాళ్లకు బత్తాయి గురించి నేను చెప్పనక్కర్లేదు. ఇప్పుడు దీన్ని చివరి నుంచి మొదటికి చదవండి. కొన్నాను, బత్తాయిలు, రైతు దగ్గర, మార్కెట్లో, నిన్న. 'కొన్నాను' చివరి 'ను'లో నేను దాగి ఉన్నాను కదా, దాన్ని బయటికి తీసి ముందు పెట్టండి. "ఐ బాట్ స్వీట్ లైమ్స్ ఫ్రమ్ ఎ ఫార్మర్ ఇన్ ది మార్కెట్ యెస్టర్డే." ఇంగ్లిష్ వాక్యం వచ్చేసింది! ఇంకా దగ్గరగా చూస్తే, 'మార్కెట్లో' అనే ఒక్క మాట లోపల కూడా ఇదే జరిగింది. మనకు 'లో' వెనక వస్తుంది, వాళ్లకు 'ఇన్' ముందు వస్తుంది.

నేను దేవరకొండ వైపు పల్లెలో తెలుగు మీడియంలో చదువుకున్నాను. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో మొదటి ఇంటర్వ్యూకు పోయాను. సెలవుల్లో ఏం చేస్తావని అడిగారు. నాయనతో పాటు పత్తి చేనుకు పోతానని చెప్పాలి. ప్రతి మాటకూ ఇంగ్లిష్ తెలుసు. "మై ఫాదర్ విత్, కాటన్ ఫీల్డ్..." అని మొదలుపెట్టాను, క్రియ దాకా పోకముందే టెన్షన్‌తో గొంతు ఆగిపోయింది. వాళ్లు ఇంకో ప్రశ్నకు పోయారు. తిరుగు బస్సులో కూర్చుని, నాకు ఇంగ్లిష్ రాదనే అనుకున్నాను. చాలా ఏళ్లకు అర్థమైంది. పదాలన్నీ నా దగ్గరే ఉన్నాయి, 'పోతాను' అనే మాటను ముందుగా తీసే అలవాటు ఒక్కటే లేదు. మీకు అట్లాంటి రోజు రావద్దనే ఇవాళ ఇక్కడికి వచ్చాను.

ఈ తేడా ఎందుకు? "కోడె రైతును పొడిచింది" అన్నా, "రైతును కోడె పొడిచింది" అన్నా దెబ్బ తగిలింది రైతుకే. మన పల్లె బస్సులో దస్తీ ఎక్కడ వేస్తే అదే మన సీటు. తెలుగు పదం కూడా 'ను', 'కు', 'తో' అనే దస్తీ పట్టుకుని ఎక్కడైనా కూర్చుంటుంది. ఇంగ్లిష్ మాత్రం రిజర్వేషన్ బోగీ. "ది బుల్ హిట్ ది ఫార్మర్"లో ఆ ఇద్దరి చోట్లు మార్చండి, రైతే ఎద్దును కొట్టినట్టు అవుతుంది. ఆ భాషకూ ఒకప్పుడు మన విభక్తుల్లాంటి ప్రత్యయాలు ఉండేవి. మన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం కట్టిన కాలంలో, అంటే 11, 12 శతాబ్దాల్లో, అవి అరిగిపోతూ వచ్చాయి. అవి పోయేకొద్దీ ఎవరు ఎవరిని అన్నది పదం కూర్చున్న చోటే చెప్పాల్సి వచ్చింది.

అన్నీ తిరగబడవు. 'ఎర్ర చీర' అక్కడా 'రెడ్ శారీ'యే. పెద్ద వాక్యాల్లో మాత్రం ఈ తిరగేత బాగా పనికొస్తుంది. "నిన్న దేవరకొండ నుంచి వచ్చిన అబ్బాయి" అన్నది వెనక నుంచి చదివితే "ది బాయ్ హూ కేమ్ ఫ్రమ్ దేవరకొండ యెస్టర్డే."

ఎక్కువమంది తప్పు చేసే చోటు ఇంకొకటి ఉంది. "బస్టాండ్ ఎక్కడ ఉంది?" అంటే "వేర్ ఈజ్ ది బస్టాండ్?" సరే. "ఎక్కడ ఉందో తెలుసా?" అనేటప్పుడు కూడా "డు యు నో వేర్ ఈజ్ ది బస్టాండ్" అంటారు. 'ఉంది' మారి 'ఉందో' అయింది చూడండి. మనకు ఆ 'ఓ' వచ్చిందంటే అక్కడ 'ఈజ్' కర్త తర్వాతికి, ఇక్కడైతే 'బస్టాండ్' తర్వాతికి, పోవాలి. "డు యు నో వేర్ ది బస్టాండ్ ఈజ్?" ఈ ఒక్క 'ఓ'ను గుర్తు పెట్టుకోండి బిడ్డా, చాలా తప్పులు పోతాయి.

సాధన గురించి చెప్తాను. పుస్తకంలోని వాక్యాలు వద్దు, మీ రోజు నుంచే తీసుకోండి. ముందు "ఐ వెంట్" అని గట్టిగా అని ఆగండి. తర్వాత "టు ది ఫీల్డ్" కలపండి, మళ్లీ మొదటి నుంచి అనండి. "విత్ మై ఫాదర్" కలపండి, మళ్లీ అనండి. రాసుకుంటే కన్ను నేర్చుకుంటుంది, కానీ ఇంటర్వ్యూలో మాట్లాడాల్సింది నోరు. అందుకే నోటితోనే చేయండి, రోజుకు 5 వాక్యాలు చాలు. ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. క్రియ ముందు ఎంతసేపు ఆగారో మీకే వినిపిస్తుంది.

ఇప్పుడు మీ వంతు. ఈ పొద్దున ఇంటి నుంచి కాలేజీకి దేని మీద, ఎవరితో వచ్చారో ఒక్క వాక్యంలో చెప్పాలి. ముందు వరుసలో ఆ చివరన కూర్చున్న అమ్మాయీ, నువ్వు మొదలుపెట్టు తల్లీ. 'వచ్చాను' దగ్గర నుంచి.