సౌత్‌గేట్ నేర్పిన పెనాల్టీ

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ పూట గారెత్ సౌత్‌గేట్ గురించి చెబుతాను. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టుకు డిఫెండర్‌గా ఆడాడు, చాలా ఏళ్ల తర్వాత అదే జట్టుకు కోచ్ అయ్యాడు. ఆటగాడిగా క్రిస్టల్ ప్యాలెస్, ఆస్టన్ విల్లా, మిడిల్స్‌బ్రో క్లబ్బులకు ఆడాడు. దేశం తరఫున 57 మ్యాచ్‌లు. 2004లో మిడిల్స్‌బ్రో లీగ్ కప్ గెలిచినప్పుడు కెప్టెన్ ఇతనే. ఆ క్లబ్బుకు అదే మొదటి పెద్ద ట్రోఫీ. ఇంత చేసినా, జనం ఇతన్ని ఇరవై ఏళ్లపాటు ఒకే ఒక్క కిక్‌తో గుర్తుపెట్టుకున్నారు.

1996 జూన్ 26, లండన్‌లో వెంబ్లీ స్టేడియం. యూరో కప్ సెమీఫైనల్. ఇంగ్లండ్, జర్మనీ చెరో గోల్‌తో సమంగా నిలిచాయి. ఎక్స్‌ట్రా టైమ్‌లోనూ తేలలేదు. పెనాల్టీ షూటౌట్ మొదలైంది, అంటే రెండు జట్ల ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చి గోల్‌కీపర్ మీద ఒక్కో కిక్ కొట్టాలి. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, పదిమందీ గోల్ కొట్టారు. మరి ఆరో కిక్ ఎవరిది? సౌత్‌గేట్ ముందుకొచ్చాడు. అంతకుముందు ఆడిన మ్యాచ్‌లన్నిటిలో అతను కొట్టిన పెనాల్టీ ఒక్కటే, అదీ పోస్టుకు తగిలి పోయింది. అయినా వచ్చాడు. బంతి నేలబారుగా వెళ్లింది, జర్మనీ గోల్‌కీపర్ కోప్కే కుడివైపు పడి ఆపేశాడు. వెంటనే మోలర్ గోల్ కొట్టాడు, జర్మనీ ఫైనల్‌కు వెళ్లిపోయింది.

చాలామందికి ఆ కిక్ పోవడమే గుర్తుంది. నాకు మాత్రం అతను ముందుకు రావడమే గుర్తుంటుంది. పక్కవాడు తన చోటు వదిలితే ఆ జాగాలోకి తను పరుగెత్తడం డిఫెండర్ పని. ఆ రాత్రి కూడా ఆ అలవాటే అతన్ని ముందుకు నడిపించిందని నా నమ్మకం.

కోచ్‌గా మొదలు అంత బాగా లేదు. 2006లో మిడిల్స్‌బ్రో పగ్గాలు తీసుకున్నాడు. 2009లో జట్టు ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై లీగైన ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారింది, అదే ఏడాది ఉద్యోగం పోయింది. తర్వాత ఇంగ్లండ్ అండర్-21 జట్టు, 2016లో సీనియర్ జట్టు.

అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. షూటౌట్ అంటే లాటరీ అనే మాట ఇంగ్లండ్‌లో పాతుకుపోయింది. ప్రపంచకప్‌లో 1990, 1998, 2006, మూడు షూటౌట్లు ఆడి మూడూ ఓడిపోయారు. లాటరీ అనుకుంటే ఇక ప్రాక్టీస్ ఎందుకు? సౌత్‌గేట్ ఆ మాట ఒప్పుకోలేదు. ఇది పని, నేర్చుకుంటే వస్తుంది అన్న పట్టుదలతో 2018 ప్రపంచకప్‌కు నెలల ముందే సాధన పెట్టించాడు. కాళ్లు బాగా అలిసిపోయాక కొట్టించాడు. మైదానం మధ్యలోని సెంటర్ సర్కిల్ నుంచి బంతి దాకా నడిచే ఆ నడకను కూడా ప్రాక్టీస్ చేయించాడు. ఎవరు ముందు, ఎవరు తర్వాత అనేది ముందే ఆలోచించి పెట్టుకున్నారు.

ఇంకో సంగతి. రిఫరీ విజిల్ వేశాక ఇంగ్లండ్ ఆటగాళ్లు మిగతా దేశాల వాళ్లకంటే తొందరగా పరుగు మొదలుపెడతారని నార్వే పరిశోధకుడొకరు లెక్కగట్టి చెప్పాడు. టెన్షన్! ఎప్పుడు అయిపోతుందా అన్న ఆత్రం. సౌత్‌గేట్ అన్నదీ అదే, తొందరపడొద్దు. విజిల్ రిఫరీది, సమయం నీది.

2018 జూలై 3, మాస్కో. ప్రత్యర్థి కొలంబియా. కేన్ పెనాల్టీతో ఇంగ్లండ్ ముందుంది. సరిగ్గా ఆఖరి నిమిషాల్లో మీనా తలతో కొట్టి సమం చేశాడు. మళ్లీ షూటౌట్! కొలంబియా మొదటి ముగ్గురూ కొట్టేశారు. ఇంగ్లండ్‌లో కేన్, రాష్‌ఫర్డ్ కొట్టారు, హెండర్సన్ కిక్‌ను కొలంబియా గోల్‌కీపర్ ఒస్పీనా ఆపేశాడు. ఇక అయిపోయిందనుకున్నాం. అప్పుడు కొలంబియా ఆటగాడు ఉరీబే కొట్టిన బంతి పై బార్‌కు తగిలి వెనక్కొచ్చింది. ట్రిప్పియర్ గోల్ కొట్టాడు. కొలంబియా తరఫున బాకా కిక్ వచ్చింది. ఇంగ్లండ్ గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్ అప్పటికే కుడివైపు పడిపోతున్నాడు, పడుతూనే ఎడమ చెయ్యి పైకెత్తి బంతిని తోసేశాడు. చివరగా ఎరిక్ డయర్. నేలబారు కిక్, గోల్. ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ గెలిచిన మొదటి షూటౌట్ అది.

ఆ షూటౌట్ రికార్డింగ్ దొరికితే ఒక్కటి గమనించండి. ఇంగ్లండ్ ఆటగాడు నడిచి వస్తుంటే పిక్‌ఫర్డ్ బంతి తీసుకొచ్చి అతని చేతికి ఇస్తాడు. బంతిని వెతుక్కునే పని లేదు, ప్రత్యర్థి గోల్‌కీపర్ దగ్గర్నుంచి అడిగి తీసుకునే పని లేదు. తన జట్టు మనిషి చేతి నుంచి బంతి వస్తుంది. నాకు భలే నచ్చిన ఏర్పాటు ఇది. మ్యాచ్ అయ్యాక సౌత్‌గేట్ చేసిన పని ఇంకా నచ్చింది. కిక్ పోగొట్టుకున్న ఉరీబేను దగ్గరికి తీసుకుని ఓదార్చాడు. ఆ కుర్రాడి బాధ ఆ మైదానంలో అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

అన్నీ గెలవలేదు. 2021లో యూరో ఫైనల్ వెంబ్లీలోనే ఇటలీ చేతిలో షూటౌట్‌లో పోయింది. రాష్‌ఫర్డ్, సాంచో, పంతొమ్మిదేళ్ల సాకా కిక్‌లు పోయాయి. వాళ్ల ఒంటి రంగును పట్టుకుని తిట్టినవాళ్లున్నారు. కొట్టేవాళ్లను ఎంచింది నేను, బాధ్యత నాది అని సౌత్‌గేట్ చెప్పాడు. 2024 యూరోలో స్విట్జర్లాండ్‌తో మళ్లీ షూటౌట్ వచ్చింది. సాకా మళ్లీ ముందుకొచ్చాడు, గోల్ కొట్టాడు. ఆ రోజు ఇంగ్లండ్ ఐదుగురూ కొట్టారు. ఫైనల్ మాత్రం స్పెయిన్‌కు 2-1తో దక్కింది. రెండు రోజులకే సౌత్‌గేట్ పదవి వదిలేశాడు.

మీ ఇంట్లో ఫుట్‌బాల్ ఆడే పిల్లలుంటే ఈ పద్ధతి చెప్పండి. ఆట అయిపోయి కాళ్లు లాగుతున్నప్పుడు రెండు మూడు పెనాల్టీలు కొట్టమనండి. మైదానం మధ్య నుంచి నడిచి రమ్మనండి. ఏ మూలకు కొట్టాలో ఆ నడకలోనే తేల్చుకోవాలి, తర్వాత మనసు మార్చుకోకూడదు. బంతిని వాళ్లే సరిచేసి పెట్టుకోవాలి. విజిల్ వినిపించాక ఒక్కసారి ఊపిరి తీసుకుని, అప్పుడు పరుగెత్తమనండి.