ఒకే ఫ్లాష్ నుంచి మూడు ఎఫ్‌పీజీఏలు: చైన్ ఎక్కడ ఆగిందో పట్టుకోవడం

అందరికీ నమస్కారం. బోర్డు మీద ఎఫ్‌పీజీఏలు (లోపలి సర్క్యూట్‌ని మనమే రాసుకోగల చిప్పులు) మూడున్నాయి, వాటి డిజైన్ దాచే కాన్ఫిగరేషన్ ఫ్లాష్ మెమరీ ఒక్కటే. పవర్ ఇవ్వగానే మూడూ దాన్నుంచే లోడ్ అవ్వాలి. ఇవాళ ఇది ఆల్టెరా సైక్లోన్ 4 చిప్పులతో, ఈపీ4సీఈ22లు మూడు పెట్టి చేద్దాం.

స్కీమాటిక్ చూడండి. మొదటిది మాస్టర్. ఎలా లోడ్ అవ్వాలో చెప్పేవి ఎంసెల్ పిన్నులు. మాస్టర్‌వి యాక్టివ్ సీరియల్‌కి (ఫ్లాష్‌ని తనే నడిపి చదువుకునే పద్ధతి), మిగతా రెండింటివి ప్యాసివ్ సీరియల్‌కి (బయటి నుంచి వచ్చే క్లాక్, డేటా అందుకునే పద్ధతి) పెట్టాలి. క్లాక్ ఇచ్చేది మాస్టరే. అది ఫ్లాష్‌కీ వెళ్తుంది, మిగతా చిప్పులకీ వెళ్తుంది. ఫ్లాష్ నుంచి వచ్చే డేటా లైను కూడా మూడింటికీ నేరుగా వెళ్తుంది. జైలింక్స్ సీరియల్ చైన్‌లోలాగా ఒక చిప్‌లోంచి ఇంకో చిప్‌లోకి పోదు. మరి ఎవరి డేటా ఎవరు తీసుకోవాలి? అది తేల్చేది ఎన్‌సీఈ (చిప్ ఎనేబుల్) పిన్. అది కిందికి, అంటే 0కి వస్తేనే ఆ చిప్ డేటా తీసుకుంటుంది. మొదటి చిప్ ఎన్‌సీఈ గ్రౌండ్‌కి కలిపి ఉంటుంది. తన వాటా పూర్తవగానే అది తన ఎన్‌సీఈఓ (చిప్ ఎనేబుల్ అవుట్‌పుట్) పిన్‌ని కిందికి లాగుతుంది. ఆ పిన్ రెండో చిప్ ఎన్‌సీఈకి కలిపి ఉంది కాబట్టి, అప్పుడు రెండోది మొదలవుతుంది. రెండోదాని నుంచి మూడోదానికీ ఇలాగే. ఈ లైనుకి 10 కిలో ఓమ్ పుల్‌-అప్ (లైన్‌ని పైకి పట్టి ఉంచే రెసిస్టర్) తప్పనిసరి, ఎందుకంటే ఎన్‌సీఈఓ ఓపెన్‌ డ్రెయిన్, అంటే కిందికి లాగగలదు కానీ పైకి నెట్టలేదు.

ఎన్‌కాన్ఫిగ్ (లోడింగ్ మొదలుపెట్టేది), ఎన్‌స్టేటస్ (తప్పు జరిగితే కిందికి పడేది), కాన్ఫ్‌డన్ (లోడింగ్ పూర్తయితే పైకి లేచేది) లైన్లు మూడు చిప్పులకీ ఉమ్మడి. వీటికీ 10 కిలో ఓమ్ పుల్‌-అప్‌లే. కాన్ఫ్‌డన్ ఉమ్మడిగా ఉండటం వల్ల మూడూ ఒకేసారి యూజర్ మోడ్‌లోకి, అంటే డిజైన్ నడిచే స్థితిలోకి వస్తాయి.

ఇక ఫ్లాష్ సైజు. ఒక్కో చిప్‌కి 57,48,552 బిట్లు కావాలి. మూడింటికీ కలిపి 1,72,45,656. ఆల్టెరా ఫ్లాష్ చిప్ ఈపీసీఎస్16లో ఉన్నవి 1,67,77,216 మాత్రమే. రెండు చిప్పులకి హాయిగా సరిపోయేది మూడోదానికి చాలదు. కంప్రెషన్ ఆన్ చేస్తే పట్టవచ్చు, కానీ డిజైన్ పెరిగేకొద్దీ ఆ టెన్షన్ మనకెందుకు? అదే రకంలో పెద్దదైన ఈపీసీఎస్64 పెట్టేయండి.

ఆల్టెరా సాఫ్ట్‌వేర్ క్వార్టస్‌లో ఫైల్ మెనూ నుంచి కన్వర్ట్ ప్రోగ్రామింగ్ ఫైల్స్ తెరవండి. జేఐసీ (జేటాగ్ కేబుల్ ద్వారా ఫ్లాష్‌లోకి రాసే ఫైల్) ఎంచుకుని, ఫ్లాష్ లోడర్‌గా మాస్టర్ చిప్‌ని పెట్టండి. ఒకే పేజీ కింద మూడు సాఫ్ ఫైళ్ళూ (ఒక్కో చిప్ డిజైన్ కంపైల్ చేస్తే వచ్చేవి) చేర్చండి. ఇక్కడ కాస్త ఆగండి. ఫైళ్ళ వరస బోర్డు మీద చైన్ వరసే అయి ఉండాలి. మూడూ ఒకే పార్ట్ నంబర్ కాబట్టి వరస తారుమారైనా ఎర్రర్ రాదు, కాన్ఫ్‌డన్ కూడా శుభ్రంగా పైకి లేస్తుంది. కానీ ఒకరి డిజైన్ ఇంకొకరిలో నడుస్తుంది. అవుట్‌పుట్‌లు ఒకదానికొకటి ఎదురు డ్రైవ్ చేసుకుంటే చిప్పే పోవచ్చు. అందుకే జనరేట్ నొక్కే ముందు లిస్టు మళ్ళీ చదవండి.

ప్రోగ్రామ్ చేశాం, పవర్ ఆపి ఇచ్చాం, కాన్ఫ్‌డన్ లేవలేదు అనుకుందాం. ఆ లైను ఉమ్మడి కాబట్టి ఏ చిప్ ఆగిందో అది చెప్పదు. ఎన్‌స్టేటస్ కూడా అంతే, ఎవరు కిందికి లాగినా అందరిదీ పడిపోతుంది. ప్రోబ్ పెట్టాల్సింది ఎన్‌సీఈఓ మీద. మొదటి చిప్‌ది కిందికి వచ్చి రెండోదానిది రాలేదంటే రెండో చిప్ ఎంసెల్, డేటా, క్లాక్ చూడండి. మొదటిదే కదల్లేదు, ఎన్‌స్టేటస్ కూడా పడటం లేదు అంటే క్వార్టస్‌లో డివైస్ అండ్ పిన్ ఆప్షన్స్ తెరిచి డ్యూయల్ పర్పస్ పిన్స్‌కి వెళ్ళండి. ఒక్క చిప్ బోర్డుకి చేసిన ప్రాజెక్ట్ కాపీ చేసుకుంటే ఎన్‌సీఈఓ మామూలు ఐఓ (ఇన్‌పుట్/అవుట్‌పుట్) పిన్‌గా మార్చి ఉండొచ్చు. దాన్ని ప్రోగ్రామింగ్ పిన్‌గా పెట్టి, మళ్ళీ కంపైల్ చేసి, జేఐసీ కొత్తగా తయారుచేయండి.