నికోడెమస్‌ను చంపింది రైలేనా?

సంచాలకుడు: నమస్కారం. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, గ్రాహం కౌంటీలో నికోడెమస్ అనే చిన్న ఊరుంది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వారు కట్టుకున్న ఊరది. రైలు తమ ఊరికి రాకపోవడమే దాన్ని చంపిందని ఒక మాట ఉంది. దానికి మేయరూ లేడు, పురపాలక సంఘమూ లేదు. ఈ ఊరి చరిత్ర గురించి మాట్లాడటానికి ఒక చరిత్ర అధ్యాపకురాలు, వ్యవసాయ వ్యవహారాలు రాసే ఒక విలేఖరి వచ్చారు. మేడం, ఎక్కడ మొదలుపెడదాం?

అధ్యాపకురాలు: 1877లో. బానిసత్వం రద్దయి పన్నెండేళ్ళు కావస్తున్నా కెంటకీ రాష్ట్రంలోని నల్లజాతి వారిలో చాలామందికి సెంటు భూమి లేదు. డబ్ల్యూ. ఆర్. హిల్ అనే తెల్లజాతి భూవ్యాపారి, డబ్ల్యూ. హెచ్. స్మిత్ అనే నల్లజాతి మతబోధకుడు, మరికొందరు కలిసి కాన్సస్‌లో నల్లజాతి వారికి ఊరు కట్టడానికి ఒక కంపెనీ పెట్టారు. అక్కడ మంచి నేల, నీళ్ళు, కలప అన్నీ ఉన్నాయని ప్రచారం చేశారు. నమోదు రుసుము 5 డాలర్లు.

విలేఖరి: మన ఊళ్ళ శివార్లలో వెంచర్ల వాళ్ళు పంచే రంగుల కాగితాల లాగానే ఉంది!

అధ్యాపకురాలు: కొంతవరకు అంతే. కానీ 1862 నాటి హోంస్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు తీసుకుని, అయిదేళ్ళు అక్కడే ఉండి సాగుచేస్తే సొంతమవుతుంది. ఆ మాట మాత్రం అబద్ధం కాదు. ఆ 1877 సెప్టెంబరులో సుమారు మూడు వందల మంది కాన్సస్‌లోని ఎల్లిస్ అనే ఊరి దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి నడిచారు. మరుసటి ఏడు వచ్చిన విల్లియానా హిక్‌మన్ తన అనుభవం చెప్పారు. నికోడెమస్ ఏదీ, కనబడదేం అని ఆమె అడిగితే, నేలలోంచి లేస్తున్న పొగలను భర్త చూపించి అదేనన్నాడట. ఏడుపొచ్చేసిందని ఆమే చెప్పుకున్నారు.

సంచాలకుడు: నేలలోంచి పొగా?

అధ్యాపకురాలు: అవి ఇళ్ళండీ! చెట్లు లేని మైదానంలో కలప ఎక్కడ దొరుకుతుంది? గట్టు వాలును తొలిచి, పైన మట్టి కప్పి, పొయ్యి గొట్టం బయటికి పెట్టారు. వేట నుంచి తిరిగివస్తున్న, అమెరికా మూలవాసులైన ఓసేజ్ తెగవారు మాంసం ఇచ్చి ఆదుకోబట్టి మొదటి చలికాలం గట్టెక్కారని అక్కడివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. పదుల కుటుంబాలు వెనుదిరిగాయి. మిగిలినవారు పారలతో, గడ్డపారలతో ఆ గట్టినేలను పెళ్ళగించారు.

విలేఖరి: ఆ తర్వాత పదేళ్ళలో ఎదుగుదల చూడండి. బ్యాంకు, హోటళ్ళు, రెండు పత్రికలు వచ్చాయి. ఈ ఊరి నుంచే ఎడ్వర్డ్ మెక్‌కేబ్ అనే నల్లజాతి నాయకుడు 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యారు. బానిసత్వం పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు!

సంచాలకుడు: మరి రైలు?

అధ్యాపకురాలు: అదే దెబ్బ కొట్టింది. పట్టాలు తమ ఊరి మీదుగా వేయాలని 1887లో 16,000 డాలర్ల బాండ్లకు, అంటే రైలు కంపెనీకి ఇవ్వడానికి అప్పు చేయడానికి, ఓటేశారు. ఆ బేరం కుదరలేదు. 1888లో మరో కంపెనీ ఊరికి దూరంగా, సాలమన్ నదికి దక్షిణంగా లైను వేసింది. అక్కడ బోగ్ అనే ఊరు లేచింది. నికోడెమస్ వ్యాపారులు దుకాణాలతో సహా అటు తరలిపోయారు.

విలేఖరి: ఇక్కడ మీతో ఏకీభవించలేను. తరలిపోయింది బజారు. రైతు ఎక్కడికి పోతాడు? భూమిని మోసుకుపోలేడు కదా. రైలు రాకపోయినా ఆ తర్వాత నలభై ఏళ్ళు గోధుమ పండించారు. అసలు నడ్డి విరిచింది 1930ల నాటి కరువు, ధూళి తుపాన్లు, పడిపోయిన ధరలు. ట్రాక్టర్లు వచ్చాక ఇందరు మనుషుల అవసరమూ తగ్గింది. 1953లో తపాలా కార్యాలయం కూడా మూతపడింది.

అధ్యాపకురాలు: బజారు పోయాకే కదా పిల్లలు బయట బతుకుతెరువు వెతుక్కున్నది? సరే, పూర్తిగా కాదనను. కానీ వెళ్ళినవారు తెంచుకుపోలేదు. వెస్టిండీస్ బానిసల విముక్తిని గుర్తుచేసుకుంటూ ఆగస్టు 1న మొదలుపెట్టిన వేడుక, ఇప్పుడు జులై చివర్లో వారసులందరూ కలుసుకునే పండుగైంది. రెండు చర్చిలు, పాఠశాల, హోటలు, 1939లో కట్టిన సున్నపురాతి టౌన్‌షిప్ హాలు కలిపి 1996లో జాతీయ చారిత్రక స్థలమయ్యాయి.

సంచాలకుడు: ఇక ఊరు నిలిచినట్టేనా?

విలేఖరి: భవనాలు నిలుస్తాయి. చుట్టుపక్కల పొలాల్లో ఇంకా ఎన్ని ఆ కుటుంబాల పేరు మీద ఉన్నాయో దస్తావేజులు తిరగేస్తే తప్ప ఊరి సంగతి చెప్పలేను.

అధ్యాపకురాలు: జులై చివర్లో ఒకసారి వెళ్ళిరండి, అప్పుడు మళ్ళీ వాదించుకుందాం.