నవ్‌జోత్ కౌర్ కోలుకున్న కబురు: మనం విన్నదీ, వినకుండా వదిలేసిందీ

అందరికీ నమస్కారం.

అక్టోబరు నెల కదా, రొమ్ము క్యాన్సర్ గురించి నాలుగు మాటలు చెప్పమని మహిళా మండలి వాళ్లు పిలిచారు. లక్షణాల గురించి చివర్లో తప్పకుండా చెబుతాను. ముందు మాత్రం ఒక కబురు గురించి మాట్లాడాలి. మీలో చాలామంది ఫోన్లలోకి అది వచ్చే ఉంటుంది, కొందరు ఇంకొకరికి పంపించి కూడా ఉంటారు.

2024 నవంబరు 21న నవ్‌జోత్ సింగ్ సిద్ధూ అమృత్‌సర్‌లోని తన ఇంట్లో ప్రెస్ మీట్ పెట్టారు. మాజీ క్రికెటర్, కామెంటేటర్, టీవీ షోల్లో పడీపడీ నవ్వే మనిషి, పంజాబ్ కాంగ్రెస్ నాయకుడు. పరిచయం అక్కర్లేని పేరు. భార్య నవ్‌జోత్ కౌర్‌కి నాలుగో దశ, అంటే ఒంట్లో వేరే చోట్లకి కూడా పాకిన రొమ్ము క్యాన్సర్ అని, బతికే అవకాశం చాలా తక్కువని డాక్టర్లు అన్నారని, ఇప్పుడు ఆమెకి క్యాన్సర్ లేదని చెప్పారు. ఏం చేశామో కూడా చెప్పారు. పొద్దున్నే నిమ్మరసం నీళ్లు, పచ్చి పసుపు, వెల్లుల్లి, యాపిల్ సైడర్ వెనిగర్. ఓ అరగంట ఆగి పది, పన్నెండు వేపాకులు, తులసి. బీట్‌రూట్, క్యారెట్, ఉసిరి రసాలు. రాత్రికి కీన్వా అనే విదేశీ ధాన్యం, అదీ ఆరున్నర లోపే. చక్కెర బంద్, పాలు బంద్. క్యాన్సర్‌కి తిండి అందకుండా చేస్తే అదే చస్తుందన్నారు. నలభై రోజుల్లో క్యాన్సర్ పోయిందన్న లెక్క కూడా అక్కడిదే.

ఆ వీడియో దేశమంతా తిరిగింది. ఒక మనిషి చావు అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చిందంటే సంతోషపడని వాళ్లెవరుంటారు? నాకూ సంతోషంగానే అనిపించింది. నేను కీమో వార్డులో పనిచేసే డాక్టర్ని. నాలుగో దశ మనిషి నవ్వుతూ కెమెరా ముందు కూర్చుంటే ఆ విలువ నాకు తెలుసు.

కానీ ఆ వీడియోలోనే ఇంకో మాట ఉంది. ఆమెకి ఆపరేషన్ జరిగింది, కీమోథెరపీ ఇచ్చారు. ఇది ఎవరూ దాచలేదు. అంతకుముందు 2023 మార్చిలో ఆవిడే ట్విట్టర్‌లో రాశారు. అప్పటికి తనది స్టేజ్ 2 ఇన్వేసివ్ (పుట్టిన చోటు దాటి పక్కకి పాకే) క్యాన్సరని, ఆ రోజే ఆపరేషన్‌కి వెళ్తున్నానని, ఇంక ఎదురుచూడలేనని. ఎదురుచూడటం భర్త కోసం. 1988 నాటి రోడ్డు గొడవ కేసులో ఏడాది శిక్ష పడి ఆయన అప్పుడు పటియాలా జైల్లో ఉన్నారు. ఆ నాలుగు ముక్కలు చదివినప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. భర్త దగ్గర లేడు, జబ్బు ఆగదు, కత్తి కిందకి ఒంటరిగా వెళ్తోంది ఆ మనిషి.

మనలో ఎంతమందికి ఆ మాటలు గుర్తున్నాయి? నిమ్మరసం, పసుపు, వేపాకు అందరికీ గుర్తున్నాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నవ్‌జోత్ కౌర్ స్వయంగా డాక్టరు, గైనకాలజిస్టు. పంజాబ్ ఆరోగ్య శాఖలో పనిచేసి, ఉద్యోగం వదిలి, 2012లో అమృత్‌సర్ ఈస్ట్ నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. ఆరోగ్య శాఖకి చీఫ్ పార్లమెంటరీ సెక్రటరీగా చేశారు. జబ్బు ఆవిడది, చదువు ఆవిడది, ఒంటిమీద కుట్లు ఆవిడవి. కానీ దేశం విన్నది ఆయన మాట, పంచుకున్నది ఆయన మాట. ఆడవాళ్ల జబ్బు గురించి ఇంట్లో మగవాళ్లు మాట్లాడితేనే లోకం చెవిన పెట్టడం నేను ఓపీలో రోజూ చూస్తాను. "ఎప్పట్నుంచి ఉందమ్మా గడ్డ?" అని ఆమెను అడిగితే జవాబు పక్కన నిలబడ్డ ఆయన నుంచి వస్తుంది.

సిద్ధూ గారి ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. రొమ్ము తీసేశారని భార్యని పుట్టింటికి పంపేసిన మగవాళ్లను నేను చూశాను. భార్య జబ్బు గురించి నలుగురిలో కూర్చుని మాట్లాడిన నాయకులు మన దేశంలో ఎంతమంది? ఆ పక్కన నిలబడటం నిజం. ఆమె కోలుకోవడానికి ఆయన చెప్పిన కారణమే తప్పు.

తర్వాత రెండు రోజులకే ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేస్తున్నవాళ్లు, అక్కడ చదివి వెళ్లినవాళ్లు కలిపి 262 మంది క్యాన్సర్ డాక్టర్లు ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. పాలు, చక్కెర మానేసి క్యాన్సర్‌ని పస్తు పెట్టడానికి గానీ, పసుపు, వేప తిని నయం చేసుకోవడానికి గానీ గట్టి ఆధారాలు లేవన్నారు. ఇలాంటి వాటిని నమ్మి వైద్యం ఆలస్యం చేసుకోవద్దన్నారు. ఆమెను బతికించింది ఆపరేషన్, కీమో అని టాటా మెమోరియల్ డైరెక్టర్ డాక్టర్ ప్రమేశ్ విడిగా రాశారు. ఛత్తీస్‌గఢ్ నుంచి ఒక సంస్థ 850 కోట్ల రూపాయలకి లీగల్ నోటీసు పంపింది. ఢిల్లీ హైకోర్టులో ఒకరు పిల్ వేస్తే, అది ఆయన అభిప్రాయం, మాటని మాటతోనే ఎదుర్కోండి అని కోర్టు పక్కన పెట్టింది. నాకు ఆ మాటే నచ్చింది. నోటీసులతో ఎవరి నమ్మకమూ మారదు. ఇవాళ మీ ముందుకి వచ్చి మాట్లాడుతున్నదీ అందుకే.

నాలుగైదు రోజులకి సిద్ధూ గారు సర్దుకున్నారు. ఆ ఆహారం డాక్టర్ల సలహాతోనే పాటించామని, వైద్యానికి అది తోడు మాత్రమేనని చెప్పారు. ఆ రెండో వీడియో మీలో ఎంతమందికి వచ్చింది? చేతులెత్తండి.

చూశారా.

ఇప్పుడు మా వార్డులో ఏం జరిగిందో చెబుతాను. మనిషి పేరు, ఊరు చెప్పను. నలభై దాటిన ఆవిడ, మూడో దశ. రెండు కీమోలు అయ్యాయి, గడ్డ మెత్తబడింది, చేతికి తెలిసేంతగా తగ్గింది. మూడో కీమోకి వచ్చినప్పుడు భర్త చేతిలో ఫోను, కోడలి చేతిలో స్కూల్ నోట్‌బుక్. నోట్‌బుక్‌లో ఆ ఆహారమంతా టైముల వారీగా ఎత్తి రాసి ఉంది. అప్పటికే మొదలుపెట్టేశారు. పాలు, పెరుగు, గుడ్డు మాన్పించారు. కీన్వా దొరక్క రాత్రిళ్లు ఆవిడ రెండు ముద్దల కొర్రన్నంతో సరిపెట్టుకుంది. పొద్దున్నే పరగడుపున పచ్చి రసాలు. మా దగ్గరికి వచ్చేసరికి బరువు దిగిపోయింది, రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి, మంట పుట్టి నోరంతా పుళ్లు. ఆ రోజు కీమో ఇవ్వలేకపోయాం. "మేడమ్, ఎలాగూ వాయిదా పడింది కదా, ఓ నలభై రోజులు ఇదే చూస్తాం, తగ్గకపోతే అప్పుడు వస్తాం" అన్నాడు ఆయన. ఆయన్ని నేను కోప్పడలేదు. భార్య వాంతులు చేసుకుంటుంటే రాత్రంతా వీపు నిమిరిన మనిషి ఆయన. జుట్టు ఊడకుండా, వాంతి కాకుండా, ఇంట్లో ఉండగానే తగ్గిపోయే దారి ఒకటుందని ఓ పెద్దమనిషి టీవీలో చెబితే నమ్మడా?

అందుకే కూర్చోబెట్టి చెప్పాను. ఇప్పుడు మీకూ అదే చెబుతాను.

క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయన్నది నిజమే. జర్మనీలో ఓటో వార్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1920లలోనే అది గమనించాడు. మేం తీసే పెట్ స్కాన్ కూడా దాని మీదే నడుస్తుంది. గ్లూకోజ్ లాంటి మందు ఎక్కించి, ఎక్కడ ఎక్కువ పీలుస్తుందో చూస్తాం. కానీ మీరు చక్కెర మానేస్తే గడ్డ పస్తు పడుకోదు. ఒంట్లో గ్లూకోజ్ తగ్గితే కాలేయం కండను, కొవ్వును కరిగించి మళ్లీ తయారు చేస్తుంది. గుండె, మెదడు నడవాలి కదా. అంటే గడ్డ కంటే ముందు మనిషి చిక్కిపోతుంది. చిక్కిపోయిన మనిషికి కీమో పూర్తి డోసు ఇవ్వలేం, టైముకి ఇవ్వలేం. పసుపులో ఉండే కర్‌క్యుమిన్ ల్యాబ్‌లో గాజు పళ్లెంలోని కణాల మీద పనిచేసిన మాటా నిజమే. అయితే నోటితో తింటే అది రక్తంలోకి వెళ్లేది చాలా కొంచెం. కూరలో పసుపు వేసుకోండి, ఎవరు వద్దన్నారు? మాత్రల రూపంలో డోసులు డోసులుగా మింగి కాలేయం పాడుచేసుకున్న వాళ్లున్నారు, అది వద్దు. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో పచ్చి ఆకులు, వడకట్టిన పచ్చి రసాలు తాగితే ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం. అప్పుడు ఉడికించిందే తినాలి. పప్పు, గుడ్డు, కాచిన పాలు, చేపలు, చికెన్, ఏది సయిస్తే అది. కీమోని తట్టుకోవడానికి తిండి కావాలి. కీమో చేసే పని తిండి చేయలేదు.

ఇంకో మాట. స్కాన్‌లో ఏమీ కనిపించడం లేదంటే చాలా సంతోషం. నాలుగో దశలో కూడా ఇవాళ మందులతో ఏళ్లకి ఏళ్లు బతుకుతున్నవాళ్లున్నారు, హార్మోన్ మాత్రలున్నాయి, హెర్2 అనే ప్రొటీన్ మీద పనిచేసే ఇంజెక్షన్లున్నాయి. కానీ స్కాన్ క్లియర్ అయిందంటే ఇంక ఆసుపత్రి మొహం చూడక్కర్లేదని కాదు. చెకప్‌లు మానకూడదు.

మా వార్డుకి వచ్చిన ఆవిడ సంగతి అడుగుతారేమో. తర్వాతి వారం వచ్చారు, కీమో కొనసాగింది, ఆపరేషన్ అయింది, ఇప్పుడు చెకప్‌లకి వస్తున్నారు. అందరూ తిరిగి రారు. దేశంలో 2022 లెక్కల ప్రకారం ఏడాదిలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ బయటపడింది, సుమారు 98 వేల మంది చనిపోయారు. మా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్ల సంఖ్య చూస్తే ఇందులో ఎంతమందిని కాపాడుకునేవాళ్లమో అనిపిస్తుంది.

ఆ వీడియో వచ్చిన వారంలోనే ఒక కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. వాళ్లమ్మ మా దగ్గరే చనిపోయింది. చేయగలిగిందంతా చేశాడు. బండి అమ్మాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. "మేడమ్, మా అమ్మకి నేను వేపాకు పెట్టలేదు" అన్నాడు. ఒకరు కోలుకున్న కథని ఇలా చెప్పినప్పుడు, కోలుకోని వాళ్ల ఇంట్లో అది ఎలా వినిపిస్తుందో చూడండి. అమ్మని పోగొట్టుకున్నవాడు ఇప్పుడు తప్పు కూడా తనదే అనుకుంటున్నాడు. ఆ ఫార్వర్డ్ నొక్కేటప్పుడు ఇది మనకి తట్టదు. నా బాధంతా ఇక్కడే ఉంది.

పెద్దవాళ్ల ఇళ్లలో జబ్బు వస్తే జనం మీద దాని ప్రభావం ఎంత ఉంటుందో చెప్పడానికి అమెరికా సంగతి ఒకటి. 1974లో జెరాల్డ్ ఫోర్డ్ అధ్యక్షుడైన రెండు నెలలు తిరక్కుండానే ఆయన భార్య బెటీ ఫోర్డ్‌కి రొమ్ములో గడ్డ కనిపించింది. సెప్టెంబరు 28న ఆపరేషన్. నలుగురిలో ఆ జబ్బు పేరెత్తడానికి సంకోచించే రోజులు. ఆవిడ దాచలేదు. వేలకి వేలు ఉత్తరాలొచ్చాయి. ఆడవాళ్లు వరసకట్టి పరీక్షలకి వెళ్లారు. ఉపాధ్యక్ష పదవికి ఎంపికైన రాక్‌ఫెల్లర్ గారి భార్య హ్యాపీ తనని తాను పరీక్షించుకుని గడ్డ కనిపెట్టారు, మూడు వారాల్లోపే ఆవిడకీ ఆపరేషన్ జరిగింది. ఆ ఏడాది అమెరికాలో బయటపడిన కేసుల గీత ఒక్కసారిగా పైకి లేచింది. జబ్బు పెరిగి కాదు, దాగినది దొరికి. బెటీ ఫోర్డ్ 93 ఏళ్లు బతికారు.

1987లో నాన్సీ రీగన్ వంతు వచ్చింది. గడ్డ వరకే తీసే ఆపరేషన్ అప్పటికే ఉంది, ఆవిడ మాత్రం రొమ్ము మొత్తం తీయించుకున్నారు. నచ్చనివాళ్లు విమర్శించారు. ఆ తర్వాత కొన్ని నెలలు అమెరికాలో గడ్డ వరకే తీయించుకునే ఆడవాళ్లు తగ్గిపోయారని తర్వాత అధ్యయనంలో తేలింది. ఆవిడ ఎవరికీ సలహా ఇవ్వలేదు, తన ఒంటికి తాను నిర్ణయం తీసుకున్నారు అంతే. అయినా జనం అనుసరించారు. ఇక నోరు తెరిచి ఇది తినండి, ఇది మానండి అంటే ఎంత దూరం వెళ్తుంది?

మన దగ్గర ఎన్టీఆర్ గారి భార్య బసవతారకం గారు 1985లో క్యాన్సర్‌తో పోయారు. ఆవిడ పేరు మీద 2000లో హైదరాబాద్‌లో ఆసుపత్రి తెరిచారు. ఇవాళ మన ఊళ్లలో "బసవతారకానికి తీసుకెళ్లారు" అంటే ఏ జబ్బో అందరికీ అర్థమైపోతుంది. ముఖ్యమంత్రి భార్య జబ్బు మనకి ఒక ఆసుపత్రిని మిగిల్చింది. నాకు ఆ దారి ఇష్టం.

సరే, లక్షణాలు. నొప్పి లేని గడ్డ. నొప్పి లేదు కదా అని వదిలేసేదే ఎక్కువ, అందుకే ముందు చెబుతున్నాను. చనుమొన లోపలికి లాక్కుపోవడం, దాని నుంచి రక్తం రంగు స్రావం, చర్మం కమలాపండు తొక్కలా గుంటలు పడటం, చంకలో గడ్డ. నెలసరి మొదలైన వారం, పది రోజులకి అద్దం ముందు చూసుకోండి, వేళ్ల మెత్తటి భాగంతో తడిమి చూసుకోండి. ముప్పై దాటితే మీ పీహెచ్‌సీలో పరీక్ష చేయించుకోండి, ఆశా కార్యకర్తని అడిగితే చెబుతుంది. నలభై దాటితే మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) గురించి డాక్టర్‌ని అడగండి. గడ్డ కనిపిస్తే టెన్షన్ పడకండి, చాలా గడ్డలు క్యాన్సర్ కావు. కానీ అది తేల్చాల్సింది పరీక్ష. ఖర్చుకి భయపడి ఆగొద్దు, క్యాన్సర్ వైద్యం ఆరోగ్యశ్రీలో ఉంది.

మా సిస్టర్ పక్క గదిలో ఉంది, ఎలా తడిమి చూసుకోవాలో ఒక్కొక్కరికి చూపిస్తుంది. పేరు రాయించుకోనక్కర్లేదు, కార్డు చూపించనక్కర్లేదు. ఆడవాళ్లు పదేసి మంది చొప్పున వెళ్లండి. వాళ్లతో వచ్చిన మగవాళ్లు మాత్రం లేవకండి, మీ ప్రశ్నలు నేను ఇక్కడే వింటాను.