పాట వినడానికి ఎలాంటి కుర్చీ? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఇంట్లో స్థిమితంగా కూర్చుని సంగీతం వినాలంటే కుర్చీ ఎలాంటిది ఉండాలన్నది ఈరోజు మన అంశం. ఆడియో గదుల ఏర్పాటులో అనుభవమున్న సలహాదారు స్టూడియోలో మనతో ఉన్నారు. నమస్కారం సార్. స్పీకర్ల గురించి గంటలకొద్దీ ఆలోచించేవాళ్లు కూడా కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఏది ఉంటే అది లాక్కుని కూర్చుంటారు. అంత పట్టించుకోవాల్సిన విషయమేనా ఇది?

సలహాదారు: నమస్కారమండీ. పట్టించుకోవాల్సిందే. పాట వినేటప్పుడు చెవికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది కుర్చీ వీపే. గోడలు, కర్టెన్లు, తివాచీ అన్నీ దాని తర్వాతే. అందుకే కుర్చీని సామాను కింద కాకుండా ఆడియో సెట్‌లో ఒక భాగంగా చూడమంటాను.

వ్యాఖ్యాత: మొదటి కాల్ వచ్చింది. హలో, చెప్పండి సార్. మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి, ఎకో వస్తోంది.

శ్రోత: హలో, నమస్తే మేడమ్. తగ్గించానండీ. సార్, నేను ఈమధ్య లెదర్ రిక్లైనర్, అదే వెనక్కి వాలే కుర్చీ, తీసుకున్నాను. తల పైదాకా వీపు ఉంటుంది. కూర్చుంటే లేవబుద్ధి కాదు, అంత హాయిగా ఉంది. కానీ అవే స్పీకర్లు, అవే పాటలు, పాత కుర్చీలో విన్నట్టు లేదు. గొంతు ఏదో డబ్బాలోంచి వస్తున్నట్టుంది.

సలహాదారు: ఇప్పుడు ఆ కుర్చీ దగ్గరే ఉన్నారా?

శ్రోత: ఎదురుగానే ఉందండీ.

సలహాదారు: అయితే ఒక పని చేద్దాం. ఒక్క గొంతే ఉండి, వాయిద్యాలు తక్కువున్న పాట ఏదైనా పెట్టండి. సౌండ్ మరీ ఎక్కువ వద్దు. కుర్చీలో పూర్తిగా వాలి, తల ఆనించి వినండి. తర్వాత నడుము అలాగే ఉంచి, తల ఒక్కటే జానెడు ముందుకు తెచ్చి వినండి.

శ్రోత: ఒక్క నిమిషం సార్... ఆఁ, పెట్టాను. ఆనించి వింటున్నాను... ఇప్పుడు ముందుకు జరిగాను. అరే, తేడా తెలుస్తోందండీ! మాటలు విడివిడిగా వినిపిస్తున్నాయి. మళ్లీ ఆనిస్తే మొద్దుబారుతోంది.

సలహాదారు: అదే నేను చెప్పబోయేది. స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం మీ చెవికి నేరుగా ఒకసారి తాకుతుంది. దాటి వెళ్లి, తల వెనకున్న లెదర్‌కి కొట్టుకుని ఇంకోసారి వస్తుంది. చెవికీ ఆ లెదర్‌కీ మధ్య ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఉందనుకోండి. పోనూ రానూ 17 సెంటీమీటర్లు. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి, రెండోది అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. అంత తక్కువ ఆలస్యాన్ని చెవి ప్రతిధ్వనిగా పట్టుకోలేదు, పాట రంగు మారినట్టు వింటుంది. ఆ దూరానికి దాదాపు 1000 హెర్ట్జ్, అంటే సెకనుకు వెయ్యి కంపనాలుండే శ్రుతి దగ్గర రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి తగ్గించేస్తాయి. మనిషి గొంతు స్పష్టంగా వినిపించడానికి కావాల్సిన భాగంలోనే ఆ కోత పడుతోంది. మీ స్పీకర్లలో ఏ లోపమూ లేదు.

శ్రోత: మరి కుర్చీ మార్చాల్సిందేనా?

సలహాదారు: అప్పుడే వద్దు. మందపాటి దుప్పటి నాలుగైదు మడతలు వేసి తల వెనక వేలాడదీసి చూడండి. పల్చటి గుడ్డ పై శ్రుతుల్ని మాత్రమే పీలుస్తుంది, గొంతు దగ్గర పెద్దగా పనిచేయదు. మందం ఉండాలి. దానికన్నా మంచిది, మెడ వెనక పెట్టుకునే చిన్న గుండ్రటి దిండు. మెడ వంపులో, చెవుల కిందే ఉండిపోయే సైజు చూసుకోండి. తల బరువు మెడ దగ్గర ఆగుతుంది, చెవుల వెనక ఖాళీ మిగులుతుంది. ఇంకోటి, వెనక్కి వాల్చినకొద్దీ మీ చెవి కిందికి దిగుతుంది. నేల నుంచి చెవి దాకా టేపుతో కొలిపించుకోండి. స్పీకర్‌లో పైనుండి, పై శ్రుతులు పలికే చిన్న ట్వీటర్ కూడా దాదాపు అదే ఎత్తులో ఉండాలి. చాలా స్పీకర్లకి అది 90 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. తేడా ఎక్కువుంటే స్పీకర్‌ని కొంచెం వెనక్కి గానీ ముందుకి గానీ వంచి, ట్వీటర్ చెవి వైపు చూసేలా పెట్టండి.

వ్యాఖ్యాత: ఇంకా కొనని వాళ్లయితే ఏం చూసుకోవాలి సార్?

సలహాదారు: వీపు భుజాల దాకా వచ్చి ఆగే కుర్చీ నా మొదటి ఎంపిక. తల ఆనకపోతే నిలవలేం అనేవాళ్లు లెదర్ వద్దు, గుడ్డ కవరుది, లోపల మెత్తగా దళసరిగా ఉన్నది తీసుకోవాలి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్. హలో, చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం బాబూ. నాకు డెబ్బై దాటాయి. సాయంత్రం పూట గంటసేపు పాటలు వింటాను. ఎత్తు తక్కువున్న సోఫాలో కూర్చుంటే లేవడం కష్టంగా ఉంది. ఎత్తు కుర్చీలో కూర్చుంటే తొడల కింద తిమ్మిరెక్కుతోంది. ఏది కొనుక్కోమంటావు?

సలహాదారు: నమస్కారమమ్మా. ముందు మీ కొలత తీసుకుందాం. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కూర్చుని, మోకాలి మడత నుంచి నేల దాకా ఎంతుందో ఎవరిచేతనైనా కొలిపించండి. కుర్చీ సీటు మీ బరువుకి దిగిన తర్వాత ఆ ఎత్తులో ఉండాలి. ఖాళీ కుర్చీని కొలిస్తే మోసపోతాం. కొంత ఫోమ్ నాలుగు వేళ్ల లోతు దిగిపోతుంది. మోకాళ్ల నొప్పి ఉందా అమ్మా?

శ్రోత: కుడిది బాగా నొప్పి.

సలహాదారు: అయితే ఆ కొలత కన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువే ఉండనివ్వండి. లేవడం తేలికవుతుంది. కూర్చున్నప్పుడు కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే తిమ్మిరి రాదు, లేచేటప్పుడు దాన్ని పక్కకు జరపాలి, మరిచిపోవద్దు. వీపు పూర్తిగా ఆనించినప్పుడు సీటు అంచుకీ మీ మోకాలి మడతకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. తిమ్మిరికి చాలాసార్లు ఎత్తుతో పాటు సీటు లోతు కూడా కారణమవుతుంది. అంచు మొనదేలి కాకుండా కిందికి వంగి ఉండాలి. కుర్చీ చేతులు సీటు ముందు అంచు దాకా రావాలి, నొక్కి లేవడానికి.

శ్రోత: వెనక్కి వాలేది మంచిదా, నిటారుగా ఉండేది మంచిదా?

సలహాదారు: కొంచెం వాలేదే మంచిదమ్మా. వీపు 100 నుంచి 110 డిగ్రీల కోణంలో వాలితే నడుము డిస్కుల మీద భారం తగ్గుతుంది, బరువు కొంత కుర్చీ వీపు మీదికి పోతుంది. నడుము వంపు దగ్గర మాత్రం ఖాళీ ఉండకూడదు. షాపులో రెండు నిమిషాలు కూర్చుని లేచేయకండి. ఎల్పీ రికార్డు ఒక వైపు 20 నిమిషాలకు పైగా నడుస్తుంది కదా, కనీసం అంతసేపు కూర్చోండి. శరీరం అటూ ఇటూ కదలాలనిపిస్తే ఆ కుర్చీ మీకు కాదు.

శ్రోత: చల్లగా ఉండు నాయనా.

వ్యాఖ్యాత: మరో కాల్. హలో?

శ్రోత: హాయ్ సార్. నాది చిన్న రూమ్. బీన్ బ్యాగ్, అదే మెత్తటి సంచిలాంటి సీటు, గోడకు ఆనించి వింటాను. బేస్ మరీ బూమ్ బూమ్ అంటోంది. సగం టైమ్ హెడ్‌ఫోన్సే వాడతాను. గోళంలా ఉండే గుండ్రటి కుర్చీ ఒకటి చూశాను, అది బాగుంటుందా?

సలహాదారు: మూడు ప్రశ్నలు అడిగారు. బేస్ సంగతి గోడది. గోడ దగ్గర తక్కువ శ్రుతుల ఒత్తిడి పేరుకుంటుంది, అక్కడ కూర్చుంటే లేని బేస్ కూడా ఉన్నట్టు వినిపిస్తుంది. గది పొడవు 4 మీటర్లయితే వెనక గోడ నుంచి ఒకటిన్నర మీటరు ముందుకు జరిగి మొదలుపెట్టండి. సరిగ్గా మధ్యలో మాత్రం వద్దు, అక్కడ బేస్ పల్చబడుతుంది. ఆ ఒకటిన్నర దగ్గర్నుంచి జానెడు జానెడు జరుపుతూ వినండి, మీ గదికి మీ చెవే కొలబద్ద. అంత చోటు లేకపోతే అర మీటరైనా వదలండి.

శ్రోత: బీన్ బ్యాగ్ జరపడం ఈజీయే.

సలహాదారు: జరపడం ఈజీ, కానీ అందులో తుంటి మోకాళ్ల కన్నా కిందికి దిగిపోతుంది, వీపు గూనిలా వంగుతుంది, చెవి ట్వీటర్ కన్నా బాగా కిందుంటుంది. చేతులు లేని తేలికపాటి కుర్చీ ఒకటి పెట్టుకోండి. మీరన్న గోళం కుర్చీ 1963లో ఫిన్లాండ్ డిజైనర్ ఈరో ఆర్నియో చేసినది, ఫైబర్‌గ్లాస్ డొల్ల. లోపల కూర్చుంటే బయటి సందడి తగ్గుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లేదా పుస్తకం పట్టుకుని కూర్చోవడానికి భేషుగ్గా ఉంటుంది. స్పీకర్లతో వినడానికి నేనైతే సలహా ఇవ్వను. గట్టి వంపు ఉపరితలం శబ్దాన్ని పోగుచేసి తల దగ్గరికే తెచ్చిపెడుతుంది. హెడ్‌ఫోన్స్‌కి అయితే కుర్చీ వీపు ఎంత ఎత్తున్నా ఇబ్బంది లేదు, పక్క రెక్కలు ఇయర్ కప్పులకి తగలకుండా చూసుకుంటే చాలు.

వ్యాఖ్యాత: చివరి కాల్ తీసుకుందాం. చెప్పండి మేడమ్.

శ్రోత: నమస్తే అండీ. మా ఆయనా నేనూ కలిసి వింటాం. మధ్యలో ఒక్క కుర్చీయే బాగుంటుందంటారు అందరూ. ఆ కుర్చీ కోసం ఇంట్లో రోజూ పంతమే.

సలహాదారు: ఇద్దరూ కలిసి వింటున్నారు, అది వదులుకోకండి. ఒకరికి నూటికి నూరు, ఇంకొకరికి సగం అయ్యే బదులు ఇద్దరికీ తొంభై వచ్చేలా చేయొచ్చు. పక్కకి కూర్చున్నవాళ్లకి దగ్గరి స్పీకర్ ముందుగా, గట్టిగా వినిపిస్తుంది, పాటంతా అటే లాగేస్తుంది. స్పీకర్లని బాగా లోపలికి తిప్పండి, వాటి చూపులు మీ ముందు కలిసి ఒకదాన్నొకటి దాటేలా. అప్పుడు దగ్గరి స్పీకర్ పక్కకి తిరిగి ఉంటుంది కాబట్టి పై శ్రుతులు తగ్గుతాయి, దూరంది నేరుగా మిమ్మల్ని చూస్తుంది. రెండూ కొంతవరకు సరిపడతాయి.

శ్రోత: మరి కుర్చీలు?

సలహాదారు: చేతులు లేనివి రెండు తీసుకోండి. భుజాలు తగిలేంత దగ్గరగా వేసుకోవచ్చు, ఇద్దరూ మధ్యకి జరుగుతారు. చేతులున్న వెడల్పు కుర్చీలైతే మీ ఇద్దరి తలల మధ్య మీటరు దూరం వచ్చేస్తుంది. ఎత్తులు మాత్రం ఎవరివి వాళ్లకి కొలిచి తీసుకోండి, జత ఒకేలా ఉండాలని పట్టుపట్టకండి.

శ్రోత: ఆయన ఆరడుగులు, నేను ఐదే.

సలహాదారు: అయితే మీ చెవి కూడా ట్వీటర్ ఎత్తుకి రావాలంటే మీ సీటు కొంచెం పైకి ఉండాలి, కాళ్ల కింద చిన్న పీట కూడా కావాలి.