మా కుటుంబ ప్రార్థన వీడియోలో ఎందుకు చూపించనంటే

అందరికీ వందనాలండి. ఎలా ఉన్నారు? ఈ వారం వీడియోలో బయట తిరగడాలేమీ లేవు. ఆరాధన ముగించుకొని ఇంటికి వచ్చేశాం. ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటూ మీతో మాట్లాడుతున్నాను. చాలాకాలంగా మీలో కొందరు ఒకటే అడుగుతున్నారు: "అక్కా, విదేశంలో మీ ఇంట్లో కుటుంబ ప్రార్థన ఎలా చేసుకుంటారో ఒకసారి చూపించండి." మంచి మనసుతోనే అడుగుతున్నారని నాకు తెలుసు. అయినా చూపించను. కారణం కాస్త వివరంగా చెప్పాలి.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు దానం గురించి, ప్రార్థన గురించి, ఉపవాసం గురించి మాట్లాడారు. వీటిలో ఏదీ మానేయమనలేదు. మనుషులకు కనబడాలని చేసేవాళ్లు తమ ఫలం అప్పటికే పొందేశారని చెప్పారు. గదిలోకి వెళ్లి, తలుపు వేసుకొని ప్రార్థన చెయ్యమన్నారు. ఆ గదిలో కెమెరా పెట్టాక తలుపు వేసి ఏం లాభం? కళ్లు మూసుకున్నా కెమెరా ఎటువైపు ఉందో తెలుస్తూనే ఉంటుంది. గొంతు మెత్తబడుతుంది, మాటలు బరువెక్కుతాయి, ఎవరికి చెబుతున్నామో మెల్లగా మారిపోతుంది.

"మరి మీ వెలుగు ప్రకాశింపనియ్యండి అని అంతకుముందు అధ్యాయంలో ఆయనే అన్నారు కదా" అని మీరు అడగొచ్చు. ఆ వచనం చివరిదాకా చదవండి. మన మంచి పనులు చూసినవాళ్లు పరలోకపు తండ్రిని మహిమపరచాలి. "ఎంత ప్రార్థనాపరురాలో" అని నన్ను పొగిడి వెళ్లిపోతే, మహిమ నా దగ్గరే ఆగిపోయినట్టు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి మంచివాళ్లే ఎక్కువ టెన్షన్ పడతారు. కోపం తగ్గించుకోవాలని నిజంగా పోరాడుతూ మళ్లీ పడిపోయినవాళ్లు వేషధారులు కారు. అది బలహీనత. పడిపోయామని ఒప్పుకోకుండా, పడనట్టు కనిపించడానికి కష్టపడటం దగ్గర వేషధారణ మొదలవుతుంది. ప్రభువు సుంకరులతో (పన్నులు వసూలు చేసేవాళ్లతో), పాపులతో కూర్చొని భోజనం చేశారు. ఆయన అత్యంత కఠినంగా మాట్లాడింది భక్తిలో పేరున్నవాళ్లతో.

ఆనాటి మతపెద్దలను ప్రభువు గద్దించిన మత్తయి 23 చదివేటప్పుడు మనందరికీ ఒక అలవాటు ఉంటుంది. "వారు చెప్పుదురే గాని చేయరు" అనగానే ఎవరో ఒక బోధకుడు, ఎవరో ఒక సంఘపెద్ద గుర్తుకొస్తారు. మన ముఖం గుర్తుకు రాదు. పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదోవంతు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని వదిలేశారని అక్కడ ఉంది. పదోవంతు ఇవ్వడం తప్పనలేదు, అవి మానకుండా వీటిని చెయ్యాల్సింది అన్నారు. సున్నం కొట్టిన సమాధుల మాట కూడా అక్కడిదే. పస్కాకు ముందు నెలలో యూదులు సమాధులకు సున్నం కొట్టేవాళ్లు. సమాధిని ముట్టుకుంటే ఏడు రోజులు అపవిత్రులని ధర్మశాస్త్రం, కాబట్టి పండక్కి వచ్చే యాత్రికులు తెలియక తగలకుండా అది హెచ్చరిక. అదే సున్నం పైకి అందంగా కనబడుతుంది. దగ్గరికి వచ్చినవాళ్లకు హాని చేసేది లోపల పెట్టుకొని తెల్లగా మెరవడం, ఆ పోలిక వింటే నాకు భయమేస్తుంది.

ఇంటి సంగతికి వద్దాం. ఆదివారం పొద్దున చాలా ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఆలస్యమైపోతోందని అరుపులు, ఒక షూ దొరకదు, కారులో భార్యాభర్తలు మాట మాట అనుకుంటారు, వెనక సీట్లో పిల్లలు బిక్కచచ్చిపోయి కూర్చుంటారు. కారు ఆపి, తలుపు తీసి, ఎదురుగా ఎవరో కనబడగానే "ప్రైజ్ ది లార్డ్ బ్రదర్!" క్షణంలో గొంతు మారిపోతుంది. పెద్దవాళ్లు దాన్ని మర్యాద అనుకుంటారు. వెనక సీట్లోంచి దిగే పిల్లలు మాత్రం ఆ రెండు గొంతులూ విన్నారు. విశ్వాసం గురించి వాళ్లు నేర్చుకునేదాంట్లో పెద్ద భాగం ఆ నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఆలస్యంగా వెళ్లినా ఫరవాలేదు, కారు దిగే ముందు "ఇందాక అరిచినందుకు క్షమించండి" అని పిల్లలతో చెప్పి దిగిన తల్లిదండ్రులు వాళ్లకు పెద్ద ప్రసంగమే చేసినట్టు అనిపిస్తుంది నాకు.

ఇంకొకటి, ప్రార్థన మనవులు. "ఆ సిస్టర్ వాళ్ల కాపురం కోసం ప్రార్థన చేయండి, ఏం జరిగిందంటే..." అని గ్రూపులో మొదలవుతుంది. ఆ "ఏం జరిగిందంటే" దగ్గరే ఆపేయాలి. దేవుడికి వివరాలు అక్కర్లేదు, ఆయనకు తెలుసు. వివరాలు మనకు కావాలి. తన గాయం ఒకరిని నమ్మి చెప్పుకున్న మనిషి, ఆదివారం అందరి కళ్లలోనూ జాలి చూసి సంఘానికి రావడమే మానేస్తే ఆ లెక్క ఎవరు అప్పజెప్పాలి?

దేశం దాటి వచ్చిన మనకు గట్టిగా తగిలే మాట మార్కు 7వ అధ్యాయంలో ఉంది. తల్లిదండ్రులకు ఉపయోగపడాల్సిన సొత్తును "ఇది కొర్బాను, దేవుడికి అర్పితం" అని చెప్పేసి, ఇక వాళ్లకు ఏమీ చేయనక్కర్లేదని ఆనాడు కొందరు దారి కనిపెట్టారు. దేవుడి పేరు పెట్టి దేవుడి ఆజ్ఞనే కొట్టేశారని ప్రభువు అన్నారు. ఉపవాస కూటమికి, ఆన్‌లైన్ బైబిలు స్టడీకి ఒక్కరోజు తప్పకుండా హాజరవుతూ, అమ్మ ఫోన్ చేస్తే "తర్వాత చేస్తానమ్మా" అని పెట్టేస్తుంటే, మన బిజీకి కూడా కొర్బాను అని పేరు పెట్టుకుంటున్నామేమో చూసుకోవాలి.

పేతురు గురించి కూడా చెప్పాలి. గలతీ పత్రిక 2వ అధ్యాయం. అంతియొకయలో ఆయన అన్యజనులైన, అంటే యూదులు కాని విశ్వాసులతో కలిసి భోజనం చేసేవాడు. యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు యూదులు రాగానే వాళ్లకు భయపడి వెనక్కి తగ్గాడు. బర్నబా కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు. పౌలు అందరి ఎదుట ముఖాముఖిగా నిలదీశాడు. పేతురు దుర్మార్గుడు కాదు, సిద్ధాంతం తెలియనివాడు అంతకన్నా కాదు. ఎవరో చూస్తున్నారన్న భయం చాలింది. ఆఫీసులో ఒక మనిషి, సంఘంలో ఇంకో మనిషిగా బతికేవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. వాళ్ల మీద నాకు కోపం రాదు, బాధేస్తుంది.

మరి మనల్ని మనం పరీక్షించుకోవడం ఎలా? కతోలిక సంప్రదాయంలో ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఆత్మపరిశోధన పద్ధతి ఉంది. 1548లో పోప్ మూడవ పాల్ ఆమోదించిన ఆయన ఆధ్యాత్మిక సాధనల్లో అది ఒక భాగం. అది తప్పుల లెక్కతో మొదలవదు, కృతజ్ఞతతో మొదలవుతుంది. తర్వాత నా పాపం నాకు కనబడేలా కృప ఇమ్మని అడగాలి. అప్పుడే రోజును గంట గంటగా తిరిగి చూడాలి, క్షమాపణ అడగాలి, దిద్దుకోవడానికి తీర్మానించుకోవాలి. ఏ సంఘానికి చెందినవాళ్లమైనా ఆ వరుస మనకు పనికొస్తుంది. "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని 139వ కీర్తన కూడా దేవుణ్నే అడుగుతుంది.

ఒక్కళ్లమే కూర్చొని చూసుకుంటే చాలదని, పరాయివాడి భార్యను తీసుకున్న దావీదు రాజును చూస్తే తెలుస్తుంది. పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ విని మండిపడ్డాడు, నాలుగంతలు తిరిగివ్వాలని తీర్పు కూడా చెప్పాడు. న్యాయం ఏమిటో పూర్తిగా తెలుసు. "ఆ మనుష్యుడవు నీవే" అని నాతాను ప్రవక్త చెప్పేదాకా తనమీద తీర్పు చెప్పుకుంటున్నానని తెలియలేదు. మనకూ అలా చెప్పగలిగే ఒక మనిషి కావాలి. భర్తో, భార్యో, పాత స్నేహితురాలో. చెప్పాక మనం ముఖం మాడ్చుకుంటే వాళ్లు రెండోసారి చెప్పరు.

ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకు) ముందు "తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని కొరింథీ పత్రికలో చదువుతాం కదా. దానికి పైన ఉన్న వచనాలు కూడా చూడండి. కలిగినవాళ్లు ముందే తినేస్తున్నారు, పేదవాళ్లు ఆకలితో మిగిలిపోతున్నారు. పౌలుకు కోపం వచ్చింది దానికి. అంటే పక్కన కూర్చున్న మనిషితో నేనెలా ఉన్నాను అన్నదే ఆ పరీక్షలో ముఖ్యమైన ప్రశ్న. పెద్ద ఉద్యోగం ఉన్న కుటుంబం కొత్తగా వస్తే చుట్టూ చేరతాం, ఉద్యోగం పోయినవాళ్లు వస్తే తలూపి వెళ్లిపోతాం. తర్వాత వెళ్లి అదే రొట్టె తీసుకుంటాం.

వచ్చే ఆదివారం మా సంఘంలో ప్రభువు బల్ల ఉంది. కానుక అర్పించే ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో ఉంది కాబట్టి, నేను మాట్లాడాల్సినవాళ్లకు ఈ సాయంత్రమే ఫోన్ చేస్తాను. అది కూడా వీడియోలో పెట్టను. మీరు ప్రార్థనలో మమ్మల్ని జ్ఞాపకం చేసుకోండి. ఉంటానండి, వందనాలు.