అపూ గొంతు ఎవరిది? ‘ది సింప్సన్స్’ మళ్ళీ చూశాక

నమస్తే అండీ. ఈ వారం వీడియోకి కారణం మా అమ్మాయి అడిగిన ఒక ప్రశ్న.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం సోఫాలో కూర్చుని ‘ది సింప్సన్స్’ పాత సీజన్లు పెట్టుకున్నాం. తనకి పద్నాలుగేళ్ళు. ఇక్కడే న్యూజెర్సీలో పుట్టి పెరిగింది. "ఇది చూడకపోతే అమెరికా కామెడీ సగం అర్థం కాదు తల్లీ" అని నేనే పట్టుబట్టాను. రెండు ఎపిసోడ్లు పడీపడీ నవ్వింది. మూడో దాంట్లో క్విక్-ఇ-మార్ట్ అనే కొట్లో కౌంటర్ వెనక అపూ కనిపించాడు. నోరు తెరిచి రెండు ముక్కలు మాట్లాడాడో లేదో, తన నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగి, "నాన్నా, ఆ గొంతు ఎవరిది?" అంది.

నాకు సమాధానం తెలుసు. చెప్పడానికే కాసేపు పట్టింది.

ఈ షో చూడనివాళ్ళకి రెండు మాటల్లో చెప్తాను. ‘ది సింప్సన్స్’ 1989 డిసెంబర్‌లో ఫాక్స్ ఛానెల్‌లో మొదలైన కార్టూన్ సీరియల్. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊహా పట్టణం, అందులో ఒక మధ్యతరగతి కుటుంబం. ఈ రోజుకీ నడుస్తోంది. ఆ ఊళ్ళో చిల్లర సామాన్ల కొట్టు నడిపే భారతీయుడు అపూ. 1990లో మొదటి సీజన్లోనే వచ్చాడు. గిరాకీ వెళ్ళేటప్పుడు అతను అనే మాట "థాంక్యూ, కమ్ అగేన్". ఆ గొంతు హాంక్ అజారియాది. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగిన తెల్లజాతి నటుడు.

ఆ మాట నేను మొదట విన్నది టీవీలో కాదు. 2003లో ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో, సెలవులకి జార్జియాలో మా బాబాయి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయనకి అక్కడ ఒక గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని చిన్న స్టోర్ ఉండేవి. సాయంత్రం పూట ఊరికే వెళ్ళి ఆయన పక్కన కూర్చునేవాణ్ని. ఒకరోజు నలుగురు కుర్రాళ్ళు వచ్చి చిప్స్, కూల్‌డ్రింకులు కొన్నారు. వెళ్తూ వెళ్తూ ఒకడు తల అటూ ఇటూ ఊపి, సాగదీసి, "థాంక్యూ, కమ్ అగేన్" అన్నాడు. మిగతా ముగ్గురూ విరగబడి నవ్వారు. అదేదో మర్యాద అనుకుని నేను కూడా నవ్వి, "యూ టూ" అన్నాను.

బాబాయి నవ్వలేదు. వాళ్ళు వెళ్ళాక, "నవ్వకురా. వాడు నీతో మాట్లాడలేదు. టీవీలో బొమ్మతో మాట్లాడి వెళ్ళాడు" అన్నారు.

ఆ బొమ్మేమిటో తర్వాత తెలిసింది. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఏడాది తిరిగేసరికి రూమ్మేట్లతో కలిసి ఆ షో చూస్తూ నేనూ నవ్వాను. చాలా ఏళ్ళు నవ్వాను. అందుకే ఇది "పాత షో, చెత్త షో" అని తీసి పారేసే వీడియో కాదు. ఆ షో అంటే నాకు ప్రేమ. ప్రేమ ఉన్న చోటే కదా మనం ఆగి ఆలోచించేది.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. సత్యజిత్ రాయ్ తీసిన మూడు బెంగాలీ సినిమాల్లో పెరిగి పెద్దయ్యే కుర్రాడి పేరు అపూ. ఆ గౌరవంతోనే ఈ పాత్రకి ఆ పేరు పెట్టారు. గొంతు మాత్రం అక్కడి నుంచి రాలేదు. 1968లో ‘ది పార్టీ’ అనే హాలీవుడ్ సినిమాలో పీటర్ సెల్లర్స్ ముఖానికి రంగు పూసుకుని భారతీయుడిగా నటించాడు. ఆ ఉచ్చారణ ప్రభావం తన మీద ఉందని అజారియానే చెప్పాడు. లాస్ ఏంజెలస్‌లో తను చూసిన స్టోర్ ఉద్యోగుల మాట తీరు కూడా కలిపానన్నాడు. పేరేమో రాయ్ దగ్గర్నుంచి, గొంతేమో సెల్లర్స్ దగ్గర్నుంచి. నాకు ఈ షోతో ఉన్న పేచీ అంతా ఈ రెండిటి మధ్యలోనే ఉంది.

ఎందుకంటే రాతలో అపూ చిన్న పాత్ర కాదు. 1996 మే నెలలో వచ్చిన ‘మచ్ అపూ అబౌట్ నథింగ్’ ఎపిసోడ్ చూడండి. ఊళ్ళోకి ఒక ఎలుగుబంటి వస్తుంది. జనం గోల పెడితే మేయర్ ఎలుగుబంట్ల గస్తీ పెడతాడు. దానికి పన్ను వేస్తాడు. పన్నెందుకు పెరిగిందని జనం మళ్ళీ గోల పెడితే, అక్రమంగా వచ్చిన వలసదారుల వల్ల అంటాడు. ఇక ఊరంతా వాళ్ళ మీద పడుతుంది. అక్రమ వలసదారులకి ప్రభుత్వ సేవలు ఆపెయ్యాలంటూ 1994లో కాలిఫోర్నియాలో ప్రొపొజిషన్ 187 మీద ఓటింగ్ జరిగింది. ఈ ఎపిసోడ్ దాని మీద విసురు. ముప్పై ఏళ్ళైనా ఆ ఎలుగుబంటి పన్ను ఏమాత్రం పాతబడలేదు.

ఆ ఎపిసోడ్‌లోనే అపూ కథ తెలుస్తుంది. అమెరికాకి కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చెయ్యడానికి వస్తాడు. చదువు అప్పు తీర్చడానికి కొట్లో పనికి చేరతాడు. అప్పు తీరుతుంది కానీ, స్నేహితులు ఏర్పడ్డారని ఉండిపోతాడు. ఈలోగా వీసా గడువు అయిపోతుంది. ఇది మనవాళ్ళ కథ కాదూ? అప్పు చేసి విమానం ఎక్కిన ఏ ఎమ్మెస్ కుర్రాణ్ని అడిగినా, ఇందులో ఏదో ఒక ముక్క తనదంటాడు. తర్వాత అపూ దొంగ కాగితాలు కొని, కౌబాయ్ టోపీ పెట్టుకుని, యాస మార్చి అమెరికన్‌లా నటిస్తాడు. అమ్మానాన్నలకి ద్రోహం చేశానని కుమిలిపోతాడు. చివరికి పౌరసత్వ పరీక్షకి వెళ్తాడు. అంతర్యుద్ధానికి కారణం ఏమిటని అడిగితే, కారణాలు చాలా ఉన్నాయంటూ ఆర్థిక పరిస్థితుల దగ్గర్నుంచి వివరించడం మొదలుపెడతాడు. పరీక్ష పెట్టే అధికారి మధ్యలో ఆపి, "బానిసత్వం అని చెప్పెయ్ చాలు" అంటాడు.

మా అమ్మాయికి నేను ఈ ఎపిసోడ్ పెడుతుంటే తను ఒక పని చేసింది. రిమోట్ లాక్కుని సౌండ్ తీసేసి, సబ్‌టైటిల్స్ పెట్టింది. అపూ మాటలన్నీ తన మామూలు గొంతుతో, ఏ యాసా లేకుండా పైకి చదివింది. పరీక్ష సీను దగ్గర ఇద్దరం గట్టిగా నవ్వాం. జోకు అలాగే నిలబడింది. అక్కడ నవ్వు తెప్పించేది ఉచ్చారణ కాదు, పరీక్ష పెట్టేవాడి కంటే రాసేవాడికి ఎక్కువ తెలియడం. తర్వాత వెనక్కి వెళ్ళి మామూలు కౌంటర్ సీన్లు నాలుగైదు అలాగే చదివింది. "థాంక్యూ, కమ్ అగేన్." అంతే. అందులో నవ్వడానికి ఏమీ లేదు. కొట్టువాడు థాంక్స్ చెప్తున్నాడు. ఇన్నేళ్ళూ అక్కడ మమ్మల్ని నవ్వించింది ఒట్టి యాసేనని అప్పుడు నాకు అర్థమైంది.

మీ దగ్గర పాత సీజన్లు ఉంటే ఒకసారి ఇలా చేసి చూడండి. ఏ జోకు మిగులుతుందో, ఏది ఎగిరిపోతుందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఈ గొంతు గురించి గట్టిగా అడిగినవాడు మన తెలుగువాళ్ళ అబ్బాయే. పేరు హరి కొండబోలు, స్టాండప్ కమెడియన్. తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వలస వెళ్ళినవాళ్ళు. ఇతనూ క్వీన్స్‌లోనే పెరిగాడు. అపూ గొంతు పుట్టించినవాడు, ఆ గొంతు వల్ల బళ్ళో మాటలు పడ్డవాడు, ఇద్దరిదీ ఒకే ప్రాంతం. ఆ రోజుల్లో అమెరికా టీవీలో తనలాంటి ముఖం వెతికితే ఇంచుమించు అపూ ఒక్కడే దొరికేవాడు. 2012లో ఒక టీవీ షోలో అతను అన్న మాట నాకు బాగా గుర్తు. తన తండ్రిని వెక్కిరించే తెల్లవాణ్ని ఇంకో తెల్లవాడు అనుకరిస్తున్నట్టు ఉంటుంది ఆ గొంతు, అన్నాడు. 2017 నవంబర్‌లో ‘ది ప్రాబ్లెమ్ విత్ అపూ’ అనే డాక్యుమెంటరీ తీశాడు. తను ఈ షోకి వీరాభిమానినని చెప్పుకుంటూనే తీశాడు. దాంట్లో మాట్లాడమని అడిగితే అజారియా ఒప్పుకోలేదు.

2018 ఏప్రిల్‌లో షో తన సమాధానం చెప్పింది. ఆ సీను నేను నాలుగుసార్లు చూశాను. సింప్సన్ల కూతురు లీసా కెమెరా వైపు తిరిగి మాట్లాడుతుంది. దశాబ్దాల క్రితం మొదలై, చప్పట్లు అందుకుని, ఎవరినీ నొప్పించనిది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చెయ్యగలం, అన్న అర్థంలో. పక్కనే బల్ల మీద అపూ ఫొటో ఉంటుంది.

నన్ను బాధపెట్టింది, ఆ మాట లీసా చేత అనిపించడం. ఆ ఇంట్లో న్యాయం మాట్లాడేది ఎనిమిదేళ్ళ లీసానే. ఎవరూ లేనివాళ్ళ పక్షాన నిలబడే పిల్ల. ఆ పిల్ల నోట, అప్పట్లో ఎవరినీ నొప్పించలేదన్న మాట. ఎవరినీ అంటే ఎవరిని? 2003లో మా బాబాయి కౌంటర్ వెనక నవ్వకుండా నిలబడ్డారు. అది అప్పటి కాలమే. అంతకు రెండేళ్ళ ముందు, 2001 సెప్టెంబర్ 15న, న్యూయార్క్ మీద దాడులు జరిగిన నాలుగు రోజులకి, అరిజోనాలోని మేసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే ఆయన్ని తన గ్యాస్ స్టేషన్ ముందే కాల్చి చంపారు. తలపాగా, గడ్డం చూసి వేరే ఎవరో అనుకున్నారు. దానికీ ఈ షోకీ ముడి పెట్టడం లేదు, అది అన్యాయం. కానీ అలాంటి రోజుల్లో కౌంటర్ వెనక నిలబడ్డ మనిషికి, ఎదుటివాళ్ళు తనని మనిషిగా చూస్తున్నారా, బొమ్మగా చూస్తున్నారా అన్నది చిన్న విషయం కాదు. ఆ మనిషిని ఎవరూ అడగలేదు. అడక్కపోతే అభ్యంతరం లేనట్టు ఎలా అవుతుంది?

అజారియా విషయంలో మాత్రం నాకు గౌరవం పెరిగింది. ఆ 2018 ఏప్రిల్‌లోనే టీవీలో కూర్చుని, తన కళ్ళు తెరుచుకున్నాయని, తప్పుకోవడానికి సిద్ధమని, రాసే గదిలో దక్షిణాసియా వాళ్ళు ఉండాలని అన్నాడు. 2020లో ఆ గొంతు వదిలేశాడు. 2021లో క్షమాపణ చెప్పాడు. తర్వాత కొండబోలుతో కలిసి కూర్చుని రేడియో కార్యక్రమంలో మాట్లాడాడు. ఇదే గొంతుకి 1998లో ఎమ్మీ అవార్డు అందుకున్న మనిషి. అవార్డు తెచ్చిన పనిని తప్పని ఒప్పుకోవడం తేలిక కాదు.

ఆ తర్వాత జరిగిందే నాకు మింగుడు పడదు. నల్లజాతి పాత్రలకి తెల్లవాళ్ళు గొంతు ఇవ్వడం ఆపేసి, కార్ల్‌కి, డాక్టర్ హిబర్ట్‌కి కొత్త నటుల్ని తెచ్చారు. మంచి పని చేశారు. అపూకి మాత్రం కొత్త గొంతు రాలేదు. గుంపులో ఎక్కడో కనిపిస్తాడు, మాట్లాడడు. కొండబోలు అతన్ని తీసెయ్యమని ఎప్పుడూ అడగలేదు. తీసేస్తారన్న వార్త వచ్చినప్పుడు బాధపడ్డాడు కూడా. 2016లోనే అపూ సోదరుడి కొడుకు పాత్రకి భారతీయ మూలాలున్న నటుడు ఉత్కర్ష్ అంబూడ్కర్ గొంతు ఇచ్చాడు. అంటే మనిషి దొరక్క కాదు. డాక్టరేట్ ఉండి, ఎనిమిది మంది పిల్లల తండ్రై, పౌరసత్వ పరీక్షలో అధికారికే పాఠం చెప్పబోయినవాణ్ని మూగవాణ్ని చేశారు.

ఇది మాట్లాడుతూ మన సంగతి దాటేస్తే నాకు నిద్ర పట్టదు. మన సినిమాల్లో, సీరియళ్ళలో దశాబ్దాల పాటు తెలంగాణ యాస ఎవరికి పెట్టారు? రౌడీకి, లేకపోతే నవ్వించేవాడికి. శ్రీకాకుళం యాస ఇంట్లో పనివాళ్ళకి. హీరోకి, హీరోయిన్‌కి మాత్రం కృష్ణా, గుంటూరు పుస్తకాల తెలుగు. మాది తెనాలి. మా యాస తెర మీద ఎప్పుడూ "మామూలు" తెలుగే. కాబట్టి నాకు నొప్పి తెలియలేదు. వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్ ఆ సీన్లప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవాడు. మంచినీళ్ళకి వెళ్ళాడనుకునేవాణ్ని. ఇప్పుడు అనుకోవడం లేదు. వచ్చే నెల నుంచి మన పాత కామెడీ సీరియళ్ళు ఒక్కొక్కటీ తీసి, మా అమ్మాయి పద్ధతిలోనే, ఆ డైలాగులు యాస లేకుండా చదివి చూపిస్తాను.

ఈ వీడియోకి ముందు బాబాయికి ఫోన్ చేశాను. స్టోర్ అమ్మేసి చాలా కాలమైంది. ఆ కుర్రాళ్ళ సంగతి గుర్తుందా అని అడిగితే, "ఏ కుర్రాళ్ళురా, వారానికో బ్యాచ్" అన్నారు. కాసేపాగి తెనాలి సంగతి ఎత్తారు. అక్కడ మా తాతయ్యకి కిరాణా కొట్టు ఉండేది. పావుకేజీ పప్పు కొన్నవాళ్ళకి కూడా పొట్లం చేతికిస్తూ "మళ్ళీ రండి" అనేవారట. బాబాయి ఆ కౌంటర్ దగ్గరే కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నారు.

"జార్జియాలో ఇరవై ఏళ్ళు కొట్టు నడిపాను కదరా. ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అలవాటు కొద్దీ నోటిదాకా వచ్చేది. మింగేసి, చిల్లర చేతిలో పెట్టి ఊరుకునేవాణ్ని" అన్నారు.